భుజాన సంచి వేసుకుంటే చాలు

(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



డిసెంబరు 17 మనకు పండుగ రోజు. 1982లో ఇదే తేదీన నకారా కేసులో సుప్రీంకోర్టు, పింఛను అంటే ఎవరో దయతలచి ఇచ్చేది కాదని, అది మన హక్కు అని తీర్పు చెప్పింది. ఆ హక్కు గురించి, డి.ఏ. బకాయిల గురించి నాకంటె బాగా చెప్పగలవారు ఈ సభలో చాలామంది ఉన్నారు. కార్యదర్శిగారు నాకు అప్పగించిన విషయం వేరు. "మీరు సంచి తగిలించుకొని అడవులు, పాత గుళ్లు తిరుగుతుంటారు గదా, ఆ ముచ్చట చెప్పండి, మావాళ్లకు కొంచెం ఉత్సాహం వస్తుంది" అన్నారు. పది పదిహేను నిమిషాల్లో ముగిస్తాను. భోజనాలకు అడ్డం రాను.

ఈ కాలపు పిల్లలు వీపున సంచి వేసుకొని దేశాలు తిరుగుతున్నారు. మా చెల్లెలి మనుమడు హైదరాబాదులో ఉద్యోగం. వాడు చైనా వెళ్లివచ్చి నాకు సెల్లులో ఫోటోలు చూపించాడు. వెదురు నమిలే పాండాలు, కొండల మీద పాకిన మహాకుడ్యం, షియాన్ నగరం దగ్గర వరుసకట్టి నిలబడ్డ మట్టి సైనికులు. 1974లో బావి తవ్వుతున్న రైతులకు ఆ సైనికుల తునకలు మొదట దొరికాయట. అంతా విని నేను సంతోషించాను. "తాతా, నువ్వూ చూడాల్సింది" అన్నాడు. అప్పుడు నేను వాడికి ఒక మాట చెప్పాను. "నాయనా, నువ్వు చూసివచ్చిన ఆ షియాన్ పాతపేరు చాంగాన్. దాదాపు 1400 ఏళ్ల కిందట, 629 ప్రాంతంలో, ఆ ఊరినుంచే ఒక సన్యాసి బయలుదేరి మన ఆంధ్రదేశం దాకా వచ్చాడు."

ఆయన పేరు మీరందరూ బడిలో చదువుకున్నదే, హ్యూయాన్‌త్సాంగ్. పాత చిత్రపటాల్లో ఆయన వీపున వెదురు చట్రం, అందులో గ్రంథాలు ఉంటాయి. సంచి యాత్రికులకు మూలపురుషుడు ఆయనే అనవచ్చు. 640కి కాస్త అటూ ఇటూగా ధాన్యకటకానికి, అంటే నేటి అమరావతి ప్రాంతానికి వచ్చి, కొంతకాలం అక్కడ చదువుకొని, 645లో చైనా చేరాడు. చూసినదంతా వ్రాసిపెట్టాడు. చూడడం ఒక ఎత్తు, వ్రాసిపెట్టడం ఒక ఎత్తు. ఈ రెండో మాట దగ్గరికి చివర్లో వస్తాను.

చైనా వెళ్లే స్తోమత, ఓపిక మనలో ఎందరికి ఉంటాయి? అయినా వన్యమృగాలు, పురాతన కట్టడాలు చూడాలనే ముచ్చట ఉంటే మన నంద్యాల, ఆళ్లగడ్డలకు మించిన చోటు నాకైతే కనపడలేదు. 2022 ఏప్రిల్ 4న నంద్యాల జిల్లా ఏర్పడిన తరువాత నేను చెప్పబోయేవన్నీ మన జిల్లాలోనివే, లేదా సరిహద్దున ఉన్నవే.

మొదట ఆళ్లగడ్డ వైపు. ఆళ్లగడ్డలో బస్సు దిగితే ఉలి చప్పుడు పలకరిస్తుంది. శిల్పులు రాతిని దేవుణ్ణి చేసే ఊరు అది. అక్కడినుంచి దిగువ అహోబిలం పోతే ప్రహ్లాదవరదుని గుడి. విజయనగరపు పనితనం. మండప స్తంభాల మీద చెంచులక్ష్మిని బతిమాలుతున్న నరసింహస్వామిని తీరికగా చూడాలి. గుడి ఆవరణలో పూర్తికాని జయస్తంభం ఒకటి ఉంది, శ్రీకృష్ణదేవరాయలది అంటారు. రాయలవారి 1515 నాటి శాసనం కూడా అహోబిలంలో ఉంది. అక్కడినుంచి 8 కి.మీ. పైకి పోతే ఎగువ అహోబిలం. ఆపైన భవనాశిని వెంట రాళ్ల మీద నడక. జ్వాలా నరసింహుడు, ఇంకా పైన ఉగ్రస్తంభం, వేరే దారిలో అడవి లోపల పావన నరసింహుడు. అన్నీ కలిపి నవ నరసింహులు.

నేను ఆళ్లగడ్డ తాలూకా ఆఫీసులో గుమాస్తాగా చేరినప్పుడు నా పక్క సీటులో ఒక పెద్దాయన ఉండేవారు. పారువేట ఉత్సవం ఫైలు ఏటా ఆయన చేతి మీదుగా నడిచేది. కనుమనాడు స్వామి పల్లకీ ఎక్కి అహోబిలం దిగితే, తన పెళ్లికి పిలవడానికి నలభై రోజులకు పైగా ఊరూరా తిరుగుతాడు. ఏ ఊళ్లో ఏ రోజు మజిలీ, ఎక్కడ బందోబస్తు, అన్నీ ఆ పెద్దాయనకు కంఠోపాఠం. కాని ఆయన జ్వాలా నరసింహుని దాకా ఎన్నడూ ఎక్కలేదు. "కూతురి పెళ్లి కానీ" అన్నారు. "మండలాలు వచ్చి పని పెరిగింది, సర్దుకోనీ" అన్నారు. అది 1985. "రిటైరైనాక తీరిగ్గా పోదాం, నువ్వూ రా" అన్నారు. రిటైరైన మరుసటి ఏడే కాలం చేశారు. ఆయన సంగతి తలచుకొనే నేను పదవీ విరమణ చేసిన నెల తిరగకముందే సంచి కొన్నాను. ఖాకీ గుడ్డ సంచి, రెండు పట్టీలవి. ఇప్పటికి మూడో సంచి నడుస్తున్నది.

పావన నరసింహుని దారిలో ఒకసారి మాకు తోడు వచ్చిన చెంచు కుర్రవాడు ఒక చెట్టు దగ్గర ఆగాడు. "సారూ, ఈ గీతలు చూడండి" అన్నాడు. బెరడు మీద పైదాకా లోతైన గోళ్ల గీరలు. తేనె కోసం ఎలుగుబంటి ఎక్కిన జాడ అన్నాడు. మేము నలుగురం, అందరమూ అరవై దాటినవాళ్లం, ఆ చెట్టు మొదట ఎంత నిశ్శబ్దంగా నిలబడ్డామో చెప్పలేను. ఎలుగును చూడలేదు. చూడకపోయినా ఆ అడవికి సొంతదారు ఎవరో తెలిసింది.

ఇక నంద్యాల వైపు. ఊళ్లోనే ప్రథమ నంది, నాగ నంది, సోమ నంది ఉన్నాయి. మిగిలినవి మహానంది దారిలో. ఒక్క రోజులో నవ నందులూ చూడవచ్చు. మహానంది కోనేటి నీళ్ల సంగతి మీకు నేను చెప్పనక్కరలేదు. అడుగున వేసిన రూపాయి పైకి కనపడుతుంది. ఆ నీరే బయటికి పోయి అరటితోటలు పండిస్తుంది.

మహానంది వెనుక కొండే నల్లమల. ఆ అడవిగుండా గిద్దలూరు పోయే రైలుమార్గం ఇంగ్లీషువాళ్ల కాలంలో వేసింది. 1990లలో బ్రాడ్‌గేజి అయింది. ఈ రైలుకూ ఒక సాలీడుకూ ఉన్న సంబంధం వినండి. 1899లో పోకాక్ అనే ఇంగ్లీషు శాస్త్రజ్ఞుడు, గుత్తి రైల్వే యార్డులో దొరికిన ఒక సాలీడును వర్ణించాడు. నెమలికంఠం లాంటి నీలిరంగు. తరువాత వంద సంవత్సరాలు అది ఎవరికీ కనపడలేదు. 2001లో మళ్లీ దొరికింది, గుత్తిలో కాదు, మన నంద్యాల, గిద్దలూరుల మధ్య అడవిలో. అడవి కట్టెలతోపాటు రైలెక్కి గుత్తిలో దిగి ఉంటుందని పండితుల ఊహ. అది సహజంగా బతికేది అడవిలోనే అని తేలింది. పాత చెట్ల తొర్రలే దాని ఇల్లు. ఆ చెట్లు కొట్టేస్తే దానికి వేరే చిరునామా లేదు. అంతరించిపోయే ప్రమాదం తీవ్రంగా ఉన్న జీవుల జాబితాలో అది ఉంది.

పెద్దపులి సంగతీ చెప్పాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2018 లెక్కలో 48 పులులు, 2022 లెక్కలో 63. పెరిగినందుకు సంతోషించాలి. అయితే 2023 మార్చిలో కొత్తపల్లె మండలం పెద్దగుమ్మడాపురం దగ్గర నాలుగు పులికూనలు ఊరివాళ్ల కంటబడ్డాయి. ఊరివాళ్లు వాటిని కాపాడి అటవీశాఖకు అప్పగించారు. తల్లితో కలపాలని చూశారు, కుదరలేదు. చివరికి తిరుపతి జంతుప్రదర్శనశాలకు చేర్చారు. పత్రికలో ఆ వార్త చదువుతుంటే మా ఇంటావిడ, "తల్లి ఎంత వెతుక్కుందో" అంది. అంతకంటె ఆ వార్తకు నేను చేర్చగలిగింది లేదు.

ఇప్పుడు అసలు బాధ. 1989 ఎన్నికల డ్యూటీకి నన్ను నందికొట్కూరు వైపు వేశారు. తెల్లవారి జీపులో పోతుంటే జొన్నచేను పక్కన గడ్డిలో ఒక పక్షి నడుస్తున్నది. మీటరు ఎత్తు, తెల్లని మెడ, నెత్తిన నల్లటోపీ, తాసిల్దారులా నెమ్మదైన నడక. డ్రైవరు "బట్టమేక పిట్ట సార్" అన్నాడు. దానికోసమే 1988లో రోళ్లపాడులో సుమారు 614 హెక్టార్లతో అభయారణ్యం పెట్టారు. ఎగరగల పక్షుల్లో అతి బరువైన వాటిలో ఇదొకటి. మగపక్షి 15 కిలోల దాకా తూగుతుంది. సాధారణంగా ఏడాదికి ఒకే గుడ్డు, అదీ నేల మీద.

రెండేళ్ల కిందట మళ్లీ రోళ్లపాడు పోయాను. కృష్ణజింకలు గుంపులుగా ఉన్నాయి. బట్టమేక కనపడలేదు. ఇప్పుడు అక్కడ అది కంటబడడమే అరుదు. దేశం మొత్తం మీద మిగిలినవి 150 లోపే అంటున్నారు, ఎక్కువభాగం రాజస్థాన్‌లో. ఎందుకిలా అయింది? నీటి వసతి వచ్చి కొర్ర, జొన్న పోయి వేరే పంటలు వచ్చాయి. గడ్డినేలలు తగ్గాయి. ఆ నేలలను మన రెవెన్యూ రికార్డుల్లోనే బంజరు అని వ్రాసేవాళ్లం. పక్షికి అది ఇల్లు. రైతును తప్పు పట్టను. నీళ్లొస్తే ఎవరు వద్దంటారు? పైగా జింకలు పడి చేను మేస్తే నష్టం అతనిదే. పక్షిని కాపాడే ఖర్చు రైతు ఒక్కడి నెత్తిన పడకూడదు. చైనావాళ్లు పాండా కోసం అడవులు కేటాయించి దశాబ్దాలు శ్రమించారు. 2016లో అంతర్జాతీయ జాబితాలో దానికి ప్రమాదం ఒక మెట్టు తగ్గింది. అంటే పట్టుబడితే జరిగే పనే.

కట్టడాలకు ముందు కాలపు సంగతి ఒకటి. బనగానపల్లె దగ్గర జ్వాలాపురం ఉంది. యాగంటి పోయేవారు దాని పక్కనుంచే పోతారు. సుమారు 74,000 ఏళ్ల కిందట సుమత్రా దీవిలో టోబా అగ్నిపర్వతం పేలితే, ఆ బూడిద వచ్చి జ్వాలాపురంలో పడింది. ఆ పొరకు కిందా పైనా కూడా మనుషులు వాడిన రాతి పనిముట్లు దొరికాయని 2007లో శాస్త్రజ్ఞులు ప్రకటించారు. అంత ఉత్పాతం తరువాత కూడా ఇక్కడ మనుషులు మిగిలారని వారి వాదన. ఆ బూడిదనే గిన్నెలు తోమే పొడికి తవ్వి అమ్ముకున్నారు. షియాన్‌లో బావి తవ్వితే ప్రపంచమంతా వచ్చి చూసే స్థలం అయింది. మనదగ్గర తవ్వితే అంట్లు తోమే పొడి అయింది.

బెలుం గుహలను చూడండి. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ గుర్తించినవి, 1980లలో జర్మను బృందం కొలిచింది. 3,229 మీటర్ల పొడవు. 2002లో దీపాలు, దారులు వేశాక ఇప్పుడు ముసలివాళ్లం కూడా లోపలికి పోయి వస్తున్నాం. శ్రద్ధ పెడితే ఇంత తేడా.

ఇక ఎలా పోవాలి? నవంబరునుంచి ఫిబ్రవరి దాకా మనకు తగిన కాలం. ఆర్టీసీలో 60 దాటినవారికి చార్జీలో 25 శాతం రాయితీ ఉంది, ఆధార్ మరువకండి. సంచిలో మందుల డబ్బా, రెండు నీళ్ల సీసాలు, తువ్వాలు, టార్చిలైటు, ఉప్పు చక్కెర పొట్లాలు, జొన్నరొట్టెలు, శెనక్కాయ పొడి. చేతికర్ర తప్పనిసరి. అడవిలోకి అటవీశాఖ అనుమతి లేకుండా, స్థానికుల తోడు లేకుండా అడుగు పెట్టవద్దు. మోకాళ్లు సహకరించనివారు దిగువ అహోబిలం, నవ నందులు, యాగంటి చూడవచ్చు. అవేమీ తక్కువ కావు. ఏటా లైఫ్ సర్టిఫికెట్టు ట్రెజరీకి ఇస్తాం. కొండ ఎక్కి దిగిననాడు అది మనకు మనమే ఇచ్చుకున్నట్టు ఉంటుంది.

చివరగా నా ప్రతిపాదన. మన సంఘం తరఫున నెలకు ఒక యాత్ర పెడదాం. వెంట ఒక రిజిస్టరు ఉంచుదాం. తేదీ, స్థలం, కనపడిన జంతువు, పక్షి, పగిలిన శాసనం, పెచ్చులూడిన మండపం, అన్నీ కాలమ్‌లు గీసి వ్రాద్దాం. మూడు నెలలకొకసారి ఒక ప్రతి అటవీశాఖకు, ఒక ప్రతి పురావస్తుశాఖకు పంపుదాం. జవాబు రాకపోతే రిమైండరు పంపుదాం. మనకంటె బాగా రిమైండరు వ్రాయగలవాళ్లు ఈ జిల్లాలో ఎవరున్నారు? ముప్పై, ముప్పై అయిదేళ్లు ప్రభుత్వం మనకు నేర్పిన విద్య అదే. చైనా సన్యాసి వ్రాసిపెట్టబట్టే 1400 ఏళ్ల తరువాత కూడా ఆనాటి మన నేల ఎలా ఉండేదో తెలుస్తున్నది. బట్టమేక ఏ చేలో తిరిగేదో మనమైనా వ్రాయకపోతే, మన మనుమలకు ఆ పేరు కూడా మిగలదు.

మొదటి యాత్ర సంక్రాంతి తరువాత, పారువేట పల్లకీ ఆళ్లగడ్డ చుట్టుపక్కల పల్లెల్లో తిరిగే రోజుల్లో పెట్టుకుందామని నా మనవి. పేర్లు ఇవ్వదలచినవారు భోజనాల తరువాత నా దగ్గరకు రండి. రిజిస్టరు తెచ్చాను. మొదటి పేజీకి గీతలు కూడా గీసే తెచ్చాను.