ఆటస్థలము – దాని ఇరుగుపొరుగు
(సంఘ వార్షికోత్సవమున చేసిన ప్రసంగ పాఠము)



ఢిల్లీలో పురానాఖిల్లాకును ఇండియా గేటుకును చేరువగా కాకానగర్, పండారా రోడ్డు మున్నగు తావుల ప్రభుత్వోద్యోగుల నివాసములు కలవు. ఇట్టి నివాసముల నడుమ పిల్లలకై విడిచిన ఆటస్థలమును గూర్చి నాలుగు మాటలు మనవి చేసెదను. చూడబోయిన అది కొంత మట్టి, కొంత చెట్టునీడ, అంతియే. కాని అచ్చట నిలిచిన బాలునికి ఎంతో చరిత్ర కాలినడకకు అందుబాటులో నున్నది.

మథురా రోడ్డు దాటగనే పురానాఖిల్లా. 1533లో హుమాయూను దీన్‌పనా నగరమునకు ఇచ్చటనే పునాది వేసెను. 1556లో అందలి షేర్ మండల్ మెట్లపై జారిపడి, కొలది దినములకే కన్నుమూసెను. అతని సమాధి మందిరము దక్షిణమున కొంత దూరముననే కలదు; 1993లో యునెస్కో దానిని ప్రపంచ వారసత్వ స్థలముగా గుర్తించినది. 1947లో ఈ కోటగోడలే ఇల్లు కోలుపోయిన కాందిశీకులకు నీడనిచ్చినవి. ప్రక్కనే 1959లో తెరచిన జంతుప్రదర్శనశాల. పిల్లలు మొదట అడుగునది దీనినే.

మరియొక దిక్కున 1933లో కట్టిన క్రీడారంగము. 1951లో మొదటి ఆసియా క్రీడలు అచ్చటనే జరిగినవి. నేడది ధ్యాన్‌చంద్ పేర వెలయుచున్నది. ఇండియా గేటు చెంత నిజాము కొరకు ల్యుటెన్సు రూపొందించిన హైదరాబాదు హౌసు కలదు. ఆ నిజాము ఏలిన నేలలో మన తెలంగాణమును ఒక భాగమని పిల్లలకు చెప్పువారెవరు?

ఇన్ని యుండియు పిల్లలకు ముఖ్యమైనది ఆ మట్టినేలయే. కోటకు ఏ సెలవునాడో పోవుదురు; మైదానమునకు ప్రతిదినము పోవుదురు. బడిలో హిందీ, ఆంగ్లము. ఇంట తెలుగు వినుటయే ఎక్కువ. తెలుగు వారి సొంతమగునది చెడుగుడు ఆడునపుడు, "తొండి" అని కేకవేయునపుడు, అలిగి మరల కలియునపుడు. అట్టి నేలపైకి ఏటేట కార్లు జరిగి వచ్చుచున్నవి. తీయుమని అడుగుటకు పిల్లవానికి నోరు రాదు. ఆ కారు తన తండ్రిదో, తండ్రి పై అధికారిదో అయి యుండును.

కావున రెండు మనవులు. సాయంకాలము నాలుగు గంటలు మొదలు చీకటి పడువరకు మైదానమున ఒక్క వాహనమైనను నిలుపకుందము. నెలకొక ఆదివారము పెద్దలలో ఒకరు పిల్లలను ఒక తావునకు నడిపించుకొనిపోయి, దాని కథ తెలుగున చెప్పవలెను.

మనకు బదిలీలు తప్పవు. చార్జి అప్పగించునపుడు జాబితాలో ఒక కుర్చీ తగ్గినను సంజాయిషీ చెప్పుకొందుము. మైదానము తగ్గినచో అడుగువారు లేరు. అడుగువారు లేని సొత్తునే మనము ఎక్కువ భద్రముగా కాపాడవలెను.