మా మడిలో క్యారెట్లు

 

వాట్సాప్ గ్రూపులో నేను పెట్టిన క్యారెట్ల ఫొటో చూసి కార్యదర్శిగారు నాకు పది నిమిషాలు ఇచ్చారు. పెద్ద పెద్ద ఉద్యోగాల వాళ్లు మాట్లాడాక పెరటి తోట గురించి వినడం మీకు కాస్త విశ్రాంతిగానే ఉంటుంది.

విజయవాడ ఎండల్లో క్యారెట్ పండుతుందా అని అడుగుతారు. చలికాలంలో పండుతుంది. కార్తీకంలో విత్తితే మూడు నెలలకు తవ్వుకోవచ్చు. గడ్డకు మంచి రంగు రావాలంటే 15 నుంచి 20 డిగ్రీల చల్లదనం ఉండాలి. మనకు అంత చలి ఎక్కడిది? అందుకే మావి ఊటీ క్యారెట్లలా నిగనిగలాడవు. వేడిని కొంత తట్టుకునే కురోడా రకం వేస్తాను.

మా పెరడు నల్లరేగడి. తడిస్తే బంక, ఎండితే రాయి. క్యారెట్‌లో మనం తినేది తల్లివేరునే. దానికి రాయో, మట్టిపెళ్లో అడ్డం తగిలితే పాయలుగా చీలుతుంది. కాబట్టి అడుగు లోతు తవ్వి, పెళ్లలు చిదిపి, ఇసుకా బాగా చివికిన పశువుల ఎరువూ కలిపాను. కుండీల్లో వేసేవాళ్లకీ అడుగు లోతు ఉండాల్సిందే.

విత్తనం నలకంత ఉంటుంది. ఇసుకలో కలిపి సాలులో చల్లి, పైన పల్చగా మట్టి కప్పాలి. మొలవడానికి పది పదిహేను రోజులు పడుతుంది. ఈలోగా పైమట్టి ఆరకుండా తడి గోనెసంచి పరిచి, మొలక కనబడగానే తీసేస్తాను. మధ్యమధ్య నాలుగు ముల్లంగి గింజలు వేస్తే అవి ముందు మొలిచి సాలు ఎక్కడుందో చూపిస్తాయి. ఆకు అచ్చం కొత్తిమీరలా ఉంటుంది, రెండూ ఒకే కుటుంబం మరి. మొదటి ఏడాది మా ఆవిడ సగం సాలు చారులో వేసేసింది.

వేలెడు ఎత్తు వచ్చాక రెండంగుళాలకు ఒకటి ఉంచి మిగతావి పీకేయాలి. ప్రాణం ఒప్పదు. పీకినవాటిని మరోచోట నాటాలనిపిస్తుంది. నాటకూడదు. నేను ఇవాళ అసలు చెప్పదలచుకున్నది ఇక్కడే ఉంది.

మన బడిలో తోటపని పీరియడ్ ఉండేది, గుర్తుందా? తొమ్మిదో తరగతిలో ఇద్దరికో మడి ఇచ్చారు మాస్టారు. నాకూ నా జతగాడికీ క్యారెట్ వచ్చింది. వాడు వాళ్లింటి నుంచి బుట్టెడు ఎరువు మోసుకొచ్చాడు. మొలకలు ఒకచోట ఒత్తుగా, ఒకచోట ఖాళీగా వచ్చాయి. ఒక శనివారం సాయంత్రం నేనొక్కణ్ణే వెళ్లి, మిరపనారు నాటినట్టు ఒత్తువి పీకి ఖాళీల్లో నాటాను. ఎవరికీ చెప్పలేదు.

మూడు నెలలకు తవ్వితే రెండు కాళ్లవీ, మూడు కాళ్లవీ వచ్చాయి. పచ్చిపేడ వేస్తే ఇలాగే చీలుతుందన్నారు మాస్టారు. ఆ మాట నిజమే, పచ్చి ఎరువుకూ గడ్డ చీలుతుంది. "పచ్చిది కాదండీ, నిరుటి కుప్పలోదండీ" అని వాడు ఎంత చెప్పినా ఎవరూ నమ్మలేదు. పదో తరగతి అయ్యేదాకా వాడి పేరు పేడబుట్ట. నేనూ అలాగే పిలిచాను.

నాటడం వల్ల చెడిందని అప్పుడు నాకు తెలియదు. కానీ నాటానన్న సంగతి తెలుసు. అది చెప్పలేదు.

ఈ ఏడు పరీక్షగా ఒకే మడిలో, ఒకే ఎరువుతో రెండు సాళ్లు పెంచాను. ఒకటి విత్తింది విత్తినట్టే ఉంచి పలచన చేశాను. రెండోది పీకిన మొలకలతో నాటాను. మొదటి సాలు తిన్నగా ఊరింది. రెండో సాల్లో లేత తల్లివేరు కొస తెగిపోయి, దాదాపు అన్నీ కాళ్లు చాపుకుని వచ్చాయి. అచ్చం మన బడి మడిలో వచ్చినవే.

మాస్టారూ, వాడి ఎరువు మంచిదేనండీ.

వాడు నాలుగో వరసలో కూర్చున్నాడు. నిన్న తవ్విన క్యారెట్లు, రెండు సాళ్లవీ, ఒక సంచీలో వేసి పొద్దున్నే వాడి కుర్చీ కింద పెట్టాను. ఒరేయ్, తీసి మాస్టారికి చూపించు.