మన వానకూ నడిసముద్రంలో ఓడకూ ఏం సంబంధం?

(మేడిపల్లిలో జరిగిన రైతు సంఘం మండల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఓడల గురించి మాట్లాడతానంటే మనవాళ్లు కొందరు నవ్వారు. సముద్రం మనకు మూడు వందల కిలోమీటర్ల దూరం, మనకెందుకన్నా ఆ ముచ్చట అన్నారు. 2020 అక్టోబర్ 13 గుర్తు చేసుకోండి. ఆ రోజు పొద్దున కాకినాడ దగ్గర తీరం దాటిన తీవ్ర వాయుగుండం సాయంత్రానికల్లా మన నెత్తిన ఉంది. మన పక్కనే ఘట్‌కేసర్ దగ్గర 32 సెంటీమీటర్ల వాన పడింది. మూసీ పొంగి, ఒడ్డున గడ్డి మళ్లు, వరి మళ్లు మునిగిపోయాయి. ఆ నీళ్లన్నీ బంగాళాఖాతం నుంచి వచ్చినవే. సముద్రం మన పొలం గట్టు దాకా వస్తుంది, మనమే దాన్ని గుర్తుపట్టం.

నేల మీద వాన కొలవడానికి మండలానికో యంత్రం పెట్టొచ్చు. సముద్రం మీద ఎక్కడ పెడతారు? ఉపగ్రహం పైనుంచి మబ్బుల్ని చూస్తుంది, నీటి పైపొర ఎంత వెచ్చగా ఉందో చెబుతుంది. నీటి మట్టం దగ్గర గాలి పీడనం ఎంతుందో మాత్రం అంత నేరుగా, నికరంగా చెప్పలేదు. వాయుగుండం పుట్టిందా లేదా అని తేల్చేది ఆ పీడనమే. అందుకే అక్కడ ఉన్న మనిషి చెప్పాలి. అక్కడ ఉన్న మనిషి ఓడ మీది మనిషే.

బొగ్గు, నూనె, ఎరువులు మోసే సరుకు ఓడల్లో కొన్ని ఈ పని ఒప్పుకున్నాయి. మన గడియారం ప్రకారం తెల్లవారి అయిదున్నర, పగలు పదకొండున్నర, సాయంత్రం అయిదున్నర, రాత్రి పదకొండున్నర. ప్రపంచమంతా అదే సమయానికి డ్యూటీలో ఉన్న ఆఫీసర్ పీడనం, గాలి దిక్కు, వేగం, గాలి వేడి, నీటి వేడి, మబ్బు తీరు, అలల ఎత్తు రాసి పంపిస్తాడు. దానికి ప్రత్యేకంగా జీతం లేదు. పరికరాలు వాతావరణ శాఖ ఇస్తుంది. విశాఖపట్నం, చెన్నై, కోల్‌కతా, ముంబై, కొచ్చి, గోవా రేవుల్లో వాతావరణ శాఖ మనుషులు ఓడ ఎక్కి ఆ పరికరం సరిగ్గా ఉందో లేదో చూస్తారు. ఓడ యజమాని ఒక దేశంవాడు, జెండా ఇంకో దేశానిది, పనిచేసేవాళ్లు మరో దేశంవాళ్లు. లెక్క మాత్రం అన్ని దేశాలకూ పోతుంది. పక్క రాష్ట్రంతో నీళ్ల లెక్క తేల్చుకోలేక ఏళ్లు గడుపుతున్న మనకు ఇది వింతగానే ఉంటుంది.

ఇది నిన్న మొన్న పుట్టిన పద్ధతి కాదు. 1853లో బ్రస్సెల్స్‌లో పది దేశాలవాళ్లు కూర్చుని, ఓడల మీద గాలిని, నీటిని అందరూ ఒకే తీరుగా రాయాలని ఒప్పుకున్నారు. దానికి పట్టుబట్టింది అమెరికా నౌకాదళంలో పనిచేసిన మారీ. మీ ఓడ పుస్తకాల్లో రాసింది నాకివ్వండి, నేను తయారుచేసిన గాలుల పటాలు మీకు ఉచితంగా ఇస్తానన్నాడు. ఇచ్చిపుచ్చుకునే బేరం.

అంతకుముందే మన తీరంలో ఈ పని మొదలైంది. 1839 నవంబర్‌లో కాకినాడ పక్కన కోరింగను పెనుతుఫాను ముంచేసింది. కోరింగ అప్పట్లో ఓడలు కట్టే రేవు. కలకత్తాలో హెన్రీ పిడింగ్టన్ అనే ఆయన ఆ తుఫానులో చిక్కిన ఓడల పుస్తకాలు సేకరించి, గాలి ఎటు నుంచి ఎటు తిరిగిందో లెక్కకట్టాడు. 1848లో 'సైక్లోన్' అనే మాట పెట్టిందీ ఆయనే. 1864 నవంబర్‌లో బందరులో దాదాపు 30 వేల మంది చనిపోయారు. అంతకు నెల ముందు కలకత్తా మునిగింది. 1866లో ఒరిస్సా కరువు వచ్చింది. ఇన్ని చావుల తర్వాత 1875లో భారత వాతావరణ శాఖ పెట్టారు. మన దేశంలో ఏ శాఖ పుట్టుక చూసినా ముందు శవాల లెక్క ఉంటుంది.

నైరుతి సంగతి ఇంకో తీరు. దక్షిణ హిందూ మహాసముద్రం గాలి భూమధ్యరేఖ దాటి, సోమాలియా ఒడ్డున బలంగా మళ్లి, అరేబియా సముద్రం తేమను ఎత్తుకుని మన దిక్కు వస్తుంది. అంటే మిరుగు కార్తె నాడు మనం ఎదురుచూసే వానకు దారి సోమాలియా పక్కనుంచే. 2008 తర్వాత కొన్నేళ్లు అక్కడ సముద్రపు దొంగలు చెలరేగిపోయారు. ఓడలు ఆ దారి మానేశాయి. పోయినవి కూడా ఎక్కడున్నామో తెలిస్తే దొంగలు పడతారని లెక్కలు పంపడం ఆపేశాయి. దాదాపు 25 లక్షల చదరపు కిలోమీటర్ల సముద్రంలో ఓడల లెక్కలు లేకుండా పోయాయని 2011లో శాస్త్రవేత్తలు రాశారు. ఎవడో తుపాకీ పట్టి ఓడను బెదిరిస్తే మన వాన అంచనాకు గండి పడింది.

తుఫాను దగ్గర ఇంకో చిక్కుంది. హెచ్చరిక రాగానే ఓడ తప్పుకుంటుంది, తప్పుకోవాలి కూడా. దాంతో తుఫాను నడుమ ఏం జరుగుతోందో చెప్పేవాడుండడు. అక్కడ లంగరు వేసిన బోయలు, తేలే యంత్రాలు కావాలి. ఆర్గో అనే తేలే యంత్రాలు ప్రపంచమంతా కలిపి నాలుగు వేల దాకా ఉన్నాయి. పది రోజులకోసారి రెండు వేల మీటర్ల లోతు నుంచి పైకొచ్చి నీటి వేడి, ఉప్పు చెబుతాయి. హిందూ మహాసముద్రంలో ఆ లెక్కలు చూసే కేంద్రం ఎక్కడుందో తెలుసా? మన హైదరాబాద్‌లోనే, ప్రగతినగర్‌లో. 1999లో పెట్టిన ఇన్‌కాయిస్. ఉప్పల్ నుంచి బస్సెక్కితే పోయేంత దూరం.

ఆ లోతు లెక్కలు ఎందుకంటే, 2002 యాది తెచ్చుకోండి. ఆ ఏడు మామూలులో 101 శాతం వాన అన్నారు, పడింది 81 శాతం. జూలై నెలలో దేశం మొత్తం మీద సగం కూడా పడలేదు. విత్తిన గింజ మట్టిలోనే మాడింది. 1997లో దానికి తిరగబడింది. ఎల్‌నినో బలంగా ఉన్నా వాన మామూలుగానే పడింది. హిందూ మహాసముద్రంలో పడమటి దిక్కు నీళ్లు వేడెక్కడం అందుకు ఒక కారణమని తర్వాత తేలింది. కాబట్టి ఎల్‌నినో మాట వినగానే కరువు ఖాయమని బెదరగొట్టేవాళ్లను నమ్మకండి, తక్కువ ధరకు పశువుల్ని అమ్ముకోకండి.

ఈ పని చేసే ఓడలు 1980ల నడుమ 7,700 దాకా ఉండేవి, తర్వాత నాలుగు వేలకు దిగాయి. ఓడల్లో మనుషుల్ని తగ్గించారు, ఉన్నవాళ్లకు తీరిక లేదు. యంత్రాలు పెడుతున్నారు, మంచిదే. కానీ మబ్బు ఏ రకమో, అలలు ఎట్లున్నాయో కంటితో చూసి రాసేవాడు తగ్గిపోతున్నాడు.

ఇక మన కొట్లాట. ముక్కూమొహం తెలియని నావికుడు అర్ధరాత్రి లేచి ఉచితంగా ఇచ్చిన లెక్క ఢిల్లీ దాకా, పుణె దాకా వస్తోంది. అక్కడి నుంచి మన చేను దాకా రావడానికే దారి లేదు. 2018లో కృషి విజ్ఞాన కేంద్రాల్లో జిల్లా వాతావరణ సలహా విభాగాలు మొదలుపెట్టారు. దేశంలో 199 విభాగాలను 2024లో మూసేశారు. మన రాష్ట్రం 2020 వానాకాలం నుంచి ప్రధాని ఫసల్ బీమాలో లేకుండా పోయింది. అంటే చెప్పేవాడూ లేడు, నష్టపోతే ఇచ్చేవాడూ లేడు. మేడిపల్లి రైతుకు ఇంకో దెబ్బ. మనది పట్టణం కింద లెక్కట, ప్లాట్ల నడుమ చిక్కిన నాలుగెకరాలు ఎవరి లెక్కలోనూ లేవు. మూసీ కింద గడ్డి కోసి పాలోళ్లకు అమ్ముకునే ఆడవాళ్లకు జంట జలాశయాల గేట్లు ఎత్తే ముందు ఒక్క మెసేజ్ వస్తే కొడవళ్లు, మోటార్లు ఒడ్డుకు చేర్చుకుంటారు.

వినతిపత్రం తయారుగా ఉంది. జిల్లా సలహా విభాగాన్ని తెలుగులో పనిచేసేలా తిరిగి తెరవాలి. మండలంలో పడిన వాన లెక్క రోజూ వార్డు ఆఫీసు బోర్డు మీద రాయాలి. గేట్లు ఎత్తే ముందు మూసీ ఒడ్డు రైతులకు ఫోన్ చేయాలి. పంట బీమా మళ్లీ రావాలి. కాగితం వెనక టేబుల్ మీద ఉంది. సంతకం రానివాళ్లు వేలిముద్ర వేయండి, పేరు, ఊరు, ఎన్ని గుంటలో రాయించండి. కౌలుకు చేసేవాళ్లు కూడా రాయించాలి, పాస్‌బుక్ లేదని వెనక్కి పోవద్దు. సోమవారం పొద్దున తొమ్మిదికి ఇక్కడి నుంచే శామీర్‌పేట కలెక్టరేట్‌కు బయలుదేరుతున్నాం.