ప్రార్థనలో నోరు, ప్రార్థనలో చెవి

(బెంగళూరులో తెలుగు యౌవనుల కూడికలో ఇచ్చిన ప్రసంగ పాఠం)



ప్రార్థన గురించి మాట్లాడమన్నారు. మన సంఘాల్లో ప్రార్థనకు కొదువ లేదు. ఉపవాస ప్రార్థన, కాటేజీ ప్రార్థన, స్త్రీల కూడిక, నెలకోసారి రాత్రంతా ప్రార్థన. మైకు ఉంటుంది, సౌండు బాక్సులు ఉంటాయి. ఇన్నింటిలో మౌనంగా ఉండేది ఎంతసేపు? ఒక్క నిమిషం నిశ్శబ్దం వచ్చిందంటే ఎవరో ఒకరు గబుక్కున "స్తోత్రం" అంటారు. లేదా కీబోర్డు తమ్ముడు ఏదో రాగం ఎత్తుకుంటాడు. నిశ్శబ్దమంటే మనకు ఎందుకో భయం.

వినడం గురించి చెప్పేముందు మాట్లాడటం సంగతి కొంచెం చెప్పాలి. ఎందుకంటే మీలో చాలామందికి అదే రాలేదన్న బెంగ ఉంది. కోలారులో పుట్టిన పిల్ల, చెన్నైలోనో బరంపురంలోనో ముంబైలోనో పెరిగిన పిల్లాడు ఇంట్లో మాట్లాడేది ఒక తెలుగు. అందులో సగం కన్నడమో తమిళమో ఒడియానో మరాఠీయో ఉంటుంది. మందిరంలో వినేది పాత బైబిలు తెలుగు. "అయ్యగారూ, నాకు ప్రార్థన చేయడం రాదు" అంటారు. వాళ్లకు రానిది ప్రార్థన కాదు, గ్రాంథికం. అమ్మతో ఏ భాషలో పోట్లాడతారో ఆ భాషలోనే దేవునితో మాట్లాడండి. ఆయనకు కలగాపులగం తెలుగు అర్థమవుతుంది.

పోట్లాట అని ఊరికే అనలేదు. 88వ కీర్తన తీసి చదవండి. చాలా విలాప కీర్తనలు చివరకు స్తుతిలోకి మళ్లుతాయి. ఇది మళ్లదు. చీకటి అనే మాట దగ్గరే ఆగిపోతుంది. దాన్ని బైబిల్లోంచి ఎవరూ తీసేయలేదు. కాబట్టి ఉద్యోగం పోయినా, ఇంటి ఓనరు కులం అడిగి ఇల్లు లేదన్నా, ముందు స్తోత్రం చెప్పి తరువాత బాధ చెప్పాలన్న నియమం ఏమీ లేదు.

ఇక మొదటి సమూయేలు గ్రంథానికి రండి. మొదటి అధ్యాయంలో షిలోహు మందిరంలో హన్నా ప్రార్థన చేస్తోంది. పెదవులు కదులుతున్నాయి, స్వరం బయటికి రావడం లేదు. యాజకుడైన ఏలీ చూసి తాగి వచ్చిందనుకున్నాడు. మందిరం పెద్దకు ఒక స్త్రీ దుఃఖానికీ మత్తుకూ తేడా తెలియలేదు. హన్నా తలవంచుకుని వెళ్లిపోలేదు. నేను తాగలేదు, నా మనసులో ఉన్నది దేవుని ముందు కుమ్మరిస్తున్నానని మర్యాదగానే ఎదురు చెప్పింది. ఆ జవాబు కూడా ఆమె ప్రార్థనలో భాగమేనని నేననుకుంటాను.

మూడో అధ్యాయం మీ అందరికీ సండేస్కూల్ నుంచే తెలుసు. ఆ రోజుల్లో దేవుని వాక్కు అరుదుగా ఉండేదని మొదటి వచనంలోనే ఉంది. ఎందుకు అరుదైంది? రెండో అధ్యాయం చూస్తే తెలుస్తుంది. ఏలీ కుమారులు యాజకులు. బలి ఇవ్వడానికి వచ్చిన జనం కుండలోకి వాళ్ల పనివాడు మూడు ముళ్ల కొంకి గుచ్చి మాంసం లాక్కునేవాడు. ఇవ్వనంటే బలవంతంగా తీసుకుంటామని బెదిరించేవాడు. మందిరంలో సేవ చేసే స్త్రీలతో ఆ కుమారులు తప్పుగా నడుచుకున్నారు. తండ్రికి ఈ కబుర్లన్నీ అందాయి. మందలించాడు గానీ పదవిలోంచి తీయలేదు. అలాంటి ఇంట్లో వాక్కు అరుదవడంలో ఆశ్చర్యం ఏముంది?

ఆ రాత్రి సమూయేలును దేవుడు పిలిచాడు. మూడుసార్లు ఏలీ దగ్గరకు పరుగెత్తాడు. మూడోసారికి ముసలాయనకు సంగతి తెలిసింది, ఎలా జవాబివ్వాలో నేర్పించాడు. హన్నాను పొరపాటుగా అర్థం చేసుకున్న మనిషే ఆమె కొడుక్కి వినడం నేర్పాడు. ఏలీలో నాకు నచ్చేది ఇదే. నాలుగోసారి పిలుపుకు, నీ దాసుడు వింటున్నాడు, చెప్పు ప్రభువా అని సమూయేలు అన్నాడు.

మన ప్రసంగాలు ఎక్కువగా ఈ పదో వచనం దగ్గర ఆగిపోతాయి. పదకొండు నుంచి చదవండి. బాలుడు విన్నది ఆశీర్వాద వాగ్దానం కాదు, తనకు అన్నం పెట్టి పెంచిన ఇంటి మీద తీర్పు. తెల్లవారేదాకా పడుకున్నాడు, లేచి మందిరం తలుపులు తీశాడు, ఏలీకి చెప్పడానికి భయపడ్డాడు. ఏలీ బలవంతపెడితే ఏదీ దాచకుండా చెప్పాడు.

"దేవుడు నాతో మాట్లాడాడు" అని ఈమధ్య చాలామంది అంటున్నారు. ఫలానా పిల్లనే చేసుకోమన్నాడు, ఫలానా సేవకు ఇంత కానుక ఇమ్మన్నాడు. నేను ఒక్కటే అడుగుతాను. ఆ వినబడిన మాట వల్ల లాభపడేది ఎవరు? ఎప్పుడూ చెప్పేవాడికే లాభమైతే నాకు అనుమానం వస్తుంది. సమూయేలుకు వినబడిన మాటలో సమూయేలుకు లాభం లేదు. కుండలోంచి మాంసం పోగొట్టుకున్నవాళ్ల మొర ఉంది. నిర్గమకాండం మూడో అధ్యాయంలోనూ బానిసల మొర తాను విన్నానని దేవుడు మోషేతో చెప్పాడు. అంటే మనకంటే ముందు వింటున్నది ఆయనే. ప్రార్థనలో మనం నేర్చుకోవలసింది ఆయన వినేదాన్ని వినడం.

ఈ నగరంలో వీధులు ఊడ్చే పౌరకార్మికుల్లో చాలామంది తెలుగు మాట్లాడే దళిత స్త్రీలు. చెన్నైలోనూ ఆ పని చేసేవాళ్లలో తెలుగువాళ్లు చాలామంది. వాళ్లలో కొందరు మన సంఘాల్లోనే వెనక వరుసలో కూర్చుంటారు. మన విన్నపాల చీటీల్లో వీసా ఉంటుంది, పరీక్ష ఉంటుంది, పెళ్లి సంబంధం ఉంటుంది. "గ్లౌజులు ఇవ్వలేదు, డ్యూటీలో బాత్రూం లేదు" అన్న చీటీ ఎన్నిసార్లు చదివాం?

బెజవాడ విల్సన్ గారు 1966లో ఇక్కడికి దగ్గరలోని కోలారు బంగారు గనుల ఊళ్లో పుట్టారు. తల్లిదండ్రులది పాకీ పని. అక్కడి మరుగుదొడ్ల గుంటల దగ్గర మనుషులు చేతులతో మలం ఎత్తడం చూసి ఏడ్చానని ఆయనే చెప్పారు. ఆ ఏడుపు సఫాయి కర్మచారీ ఆందోళన్ దాకా నడిపింది. 2013లో పాకీ పనిని నిషేధిస్తూ కొత్త చట్టం వచ్చింది. ఆ సంస్థ వేసిన కేసులోనే సుప్రీంకోర్టు 2014 మార్చిలో, మురుగు కాలువల్లో చనిపోయిన ప్రతి మనిషి కుటుంబానికి 10 లక్షలు ఇవ్వాలని చెప్పింది. 2023 అక్టోబరులో మరో కేసులో అదే కోర్టు దాన్ని 30 లక్షలు చేసింది. 2016లో ఆయనకు మెగసెసే పురస్కారం వచ్చింది. ఆయన ప్రార్థనా జీవితం గురించి నేనేమీ చెప్పడం లేదు. ఆయన చెవి గురించి చెబుతున్నాను. అదే ఊళ్లో అన్ని మతాల మందిరాలూ ఉన్నాయి, అందులో మనవీ ఉన్నాయి.

ఎలా మొదలుపెట్టాలి అని అడుగుతారు. పెద్ద పద్ధతేమీ లేదు. రోజూ ప్రార్థించే సమయంలో సగం ఊరుకోండి. ఫోను వేరే గదిలో పెట్టండి. మొదటి వారం బుర్రలో ఆఫీసు, క్రికెట్, పోయిన బస్సు, అన్నీ తిరుగుతాయి. తిరగనివ్వండి. ఒక మనిషి ముఖం మళ్లీ మళ్లీ గుర్తొస్తుంటే ఆ ముఖాన్ని తోసేయకండి, మర్నాడు వెళ్లి కలవండి. విన్నది నిజమో కాదో పెద్దవాళ్లతో చెప్పి చూసుకోండి. సమూయేలుకు కూడా ఒక ఏలీ కావలసి వచ్చాడు.

ఇప్పుడు నేను మైకు ఆపుతున్నాను. కీబోర్డు తమ్ముడూ, నువ్వు కూడా చేతులు తీసెయ్ నాన్నా. పది నిమిషాలు ఎవరూ మాట్లాడవద్దు. తరువాత విన్నపాలు వెనక వరుస నుంచి మొదలుపెడదాం. అక్కడి అక్కలకు తెల్లవారకముందే డ్యూటీ ఉంది, వాళ్లను తొందరగా ఇంటికి పంపాలి.