సున్నపు బట్టీలో లాభనష్టముల లెక్క

(గుంటూరు బ్రాడీపేటలో సున్నపు బట్టీలవారిని, రైతు యువకులను ఉద్దేశించి చేసిన ప్రసంగము)



మన ప్రాంతపు రైతునకు ఒక లెక్క చిన్ననాటినుండియు తెలియును. నూరు కిలోల పత్తిని జిన్నింగు మిల్లులో ఆడించినచో నూరు కిలోల దూది రాదు. సుమారు మూడవ వంతు దూది, తక్కినది గింజ. దూది మరీ తగ్గినచో సరకునందో, యంత్రమునందో లోపమున్నదని రైతు వెంటనే గ్రహించును. ఈ వివేకమునే సున్నపు బట్టీయొద్దను చూపవలెనని నా మనవి.

పల్నాటిలోని పిడుగురాళ్ల సున్నపు బట్టీలకు పేరుపడినది. 2022లో పల్నాడు ప్రత్యేక జిల్లా అగువరకు ఆ ఊరు గుంటూరు జిల్లాలోనిదే. సున్నపురాయిలో ప్రధానముగా నుండునది కాల్షియం కార్బొనేటు. దానిని సుమారు 900 డిగ్రీల సెంటీగ్రేడు వేడిమిలో కాల్చగా బొగ్గుపులుసు వాయువు వెడలిపోయి సున్నము మిగులును. ఇందు ప్రకృతి ఒక తూకమును నియమించినది. స్వచ్ఛమైన రాయి 100 కిలోలకు సున్నము 56 కిలోలు, వాయువు 44 కిలోలు. ఎంతటి నేర్పరియైనను 56ను 57 చేయజాలడు. అజాగ్రత్తచే 40 చేయుట మాత్రము మిక్కిలి సులభము.

ఒక ఉదాహరణము చూతము. బట్టీలో 10,000 కిలోల రాయి వేసితిమి. పరీక్షలో అందు నూటికి 90 పాళ్లు కాల్షియం కార్బొనేటని తేలినది. అనగా 9,000 కిలోలు. దాని నుండి రావలసిన సున్నము 5,040 కిలోలు. నిజముగా వచ్చినది 4,032 కిలోలైనచో, రావలసిన దానిలో నూటికి 80 పాళ్లు వచ్చినట్లు. దీనినే దిగుబడి శాతమందురు.

రాయి, బొగ్గు, కూలి అన్నియు కలిపి ఖర్చు 18,000 రూపాయలనియు, సున్నము కిలో 5 రూపాయలనియు లెక్కకొరకు అనుకొందము. దిగుబడి 80 శాతమైనచో రాబడి 20,160. లాభము 2,160 రూపాయలు. 90 శాతమైనచో సున్నము 4,536 కిలోలు, రాబడి 22,680, లాభము 4,680. ఖర్చు పెరుగకయే లాభము రెట్టింపు దాటినది! 70 శాతమునకు దిగినచో రాబడి 17,640 మాత్రమే. 360 రూపాయలు చేతినుండి పోవును. బజారులో ధర తగ్గకున్నను బట్టీ మూతపడుటకు ఇది చాలును.

దిగుబడి ఏల తగ్గును? పెద్దరాళ్లు, చిన్నరాళ్లు కలిపి వేసినచో చిన్నవి మాడును, పెద్దవాని నడిమిభాగము కాలక మిగులును. మాడిన సున్నము నీటికి సరిగా విరియదు. కాల్చిన సున్నమును గాలికి వదలినచో తేమను, బొగ్గుపులుసు వాయువును పీల్చుకొని చెడును. కావున రాళ్లను ఒకే పరిమాణమున కొట్టించి, తీసిన సరకును వెంటనే మూటగట్టవలెను.

మరియొక హెచ్చరిక. బట్టీనుండి దిగిన సరకునంతను తూచి మురిసిపోరాదు. అందు కాలని రాయి, బూడిద, మట్టి కలిసియుండును. 56 కిలోల సున్నము 18 కిలోల నీటిని కలుపుకొని 74 కిలోలగును. ఆ పెరుగుదల నీటి బరువే కాని మన కష్టఫలము కాదు. పరీక్షలో తేలిన అసలు సున్నమునే లెక్కలోనికి తీసికొనవలెను.

ప్రతి బట్టీకిని మూడు అంకెలు పుస్తకమున వ్రాయుడు: వేసిన రాయి, రావలసిన సున్నము, వచ్చిన సున్నము. రెండవదానికిని మూడవదానికిని నడుమనున్న అంతరమే మీ ఇంటికి రాక జారిపోయిన ధనము. దానిని ఎరిగినవాడు సగము గెలిచినట్లే.