మందుల పెట్టెలో ఏముండాలి?

(సర్వసభ్య సమావేశంలో ఒక వైద్యుడు చేసిన ప్రసంగం)



మీ విరాళాలతో మన ఉచిత శిబిరానికి కొనే అలర్జీ మందుల గురించి మాట్లాడమన్నారు. ముందు నా పొరపాటు చెప్పేస్తాను. కొన్నేళ్ల కిందట ఒక ఆటో డ్రైవర్ వరస తుమ్ములతో, ఎర్రబడ్డ కళ్లతో వచ్చాడు. పెట్టెలో చవకైన పాత మాత్ర క్లోర్‌ఫెనిరమిన్ ఉంది. మూడు పూటలా వేసుకోమని రాశాను. ఏం పని చేస్తావని అడగలేదు. మర్నాడు బండి నడుపుతూ కునుకు పట్టి డివైడర్‌ను గుద్దాడు. అల్లా దయవల్ల దెబ్బ బండికే తగిలింది.

దుమ్మో పుప్పొడో పడనివారి ఒంట్లో హిస్టమిన్ అనే పదార్థం విడుదలవుతుంది. తుమ్ములు, దురద, నీరు కారడం చాలావరకు దాని పనే. ఈ మాత్రలు దాన్ని అడ్డుకుంటాయి. పాతవి మెదడులోకీ వెళ్తాయి, మగత అందుకే. ప్రోస్టేట్ వాపున్న పెద్దవాళ్లకు వాటితో మూత్రం బిగుసుకుపోవచ్చు కూడా. లొరాటడిన్, ఫెక్సోఫెనడిన్ మెదడులోకి చాలా తక్కువగా వెళ్తాయి. సెట్రిజిన్ కొత్త తరానిదే అయినా కొందరికి నిద్ర తెప్పిస్తుంది.

ఇవి సాధారణంగా పెద్దలకు రోజుకొకటి చాలు, కాబట్టి రోజాకు అడ్డు రావు. ఫెక్సోఫెనడిన్‌ను మాత్రం ఇఫ్తార్‌లో పండ్లరసంతో మింగకండి, మందు సరిగా ఒంటబట్టదు. మంచినీళ్లతోనే వేసుకోవాలి.

ముక్కు దిబ్బడ మాత్రతో పెద్దగా తగ్గదు. దానికి స్టిరాయిడ్ స్ప్రే మేలు, డాక్టరు చెప్పినట్టు రోజూ వాడాలి.

నా అసలు భయం కళ్ల గురించి. దురదకు ఒలోపటడిన్ లాంటి చుక్కలున్నాయి. కానీ దుకాణంలో అడిగితే స్టిరాయిడ్ చుక్కలు చేతిలో పెట్టేవాళ్లూ ఉన్నారు. ఎరుపు చప్పున పోతుంది, తల్లి సంతోషిస్తుంది, పిల్లవాడికి నెలల తరబడి అవే వేస్తుంది. లోపల కంటి ఒత్తిడి పెరిగి నీటికాసులు వస్తే, పోయిన చూపు తిరిగి రాదు. డాక్టరు పర్యవేక్షణ లేకుండా వాటిని మన శిబిరంలో ఇవ్వకూడదని నా గట్టి అభిప్రాయం.

ఇంకో మాట, దాతలు ఏమనుకోవద్దు. ఇంట్లో వాడగా మిగిలిన కంటి చుక్కలు మాకు పంపకండి. మూత తీసిన సీసా మరొకరి కంట్లో వేయలేం. ఆ డబ్బుతో ఫెక్సోఫెనడిన్ కొనిపెట్టండి. ఆ ఆటో సోదరుడు ఇప్పటికీ వస్తున్నాడు, ఇప్పుడు ఆయన వేసుకునేది అదే.