రెస్ట్‌లెస్, రెస్టివ్: ఒక గుమాస్తా పొరపాటు

(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



పెన్షన్ భిక్ష కాదు, హక్కు అని 1982 డిసెంబరు 17న నకారా కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు గురించి పెద్దలు చెప్పారు. నేను రెండు ఇంగ్లీషు మాటల సంగతి చెప్పి కూర్చుంటాను.

1978లో నేను వరంగల్‌లో ఒక కార్యాలయంలో చిన్న గుమాస్తాను. ఎండాకాలం. పెన్షన్ కాగితాల కోసం వచ్చిన పదిమంది ముసలివాళ్ళు పొద్దుటి నుంచి వరండాలో ఉన్నారు. ఒకాయన లేచి నాలుగడుగులు నడిచేవాడు, మళ్ళీ కూర్చునేవాడు. ఇంకొకాయన కండువాతో విసురుకునేవాడు. ఆఫీసరు గారు త్వరగా సంతకాలు చేస్తారని, బయట పెన్షనర్లు 'రెస్టివ్'గా ఉన్నారని నోటు పెట్టాను. రెస్ట్‌లెస్ కన్నా అది బరువైన మాట అనుకున్నాను. నోటులో బరువైన మాట పడితే ఆ రోజుల్లో మాకదో గొప్ప!

ఆయన చదివి పోలీసులకు ఫోను చేయించారు. ఇద్దరు కానిస్టేబుళ్ళు వచ్చి వాళ్ళను ఎండలో, గేటు బయట నిలబెట్టారు.

ఆ సాయంత్రం డిక్షనరీ తీశాను. రెస్ట్‌లెస్ అంటే కుదురు లేకపోవడం. కాలుగాలిన పిల్లి అంటామే, అది. రెస్టివ్ దాని చెల్లెలిలా కనిపిస్తుంది గాని వేరే ఇంటి పిల్ల. గుర్రం ముందుకు నడవనని నిలబడిపోతే పాత ఫ్రెంచిలో అన్న మాట నుంచి వచ్చింది. అచ్చం మన మొరాయించడమే. ఇప్పుడు, ఓపిక నశించి అదుపుకు లొంగనివారిని అలా అంటారు. ఫిడ్జెటీ అంటే ఊరికే చేతులూ కాళ్ళూ కదపడం, అన్‌ఈజీ అంటే మనసు కీడు శంకించడం. వాటితో నాకు చిక్కు రాలేదు.

అజిటేషన్ మాట వేరు. దాని లాటిన్ మూలానికి ఊపడమని అర్థం. మన ఆందోళన కూడా సంస్కృతంలో ఊగడమే. మనసులో అలజడికీ, వీధిలో ఉద్యమానికీ రెండు భాషల్లోనూ ఒకే మాట. 1969లో జై తెలంగాణ అంటూ ఊరేగింపుకు పోయిన మాది ఆందోళన. చీకటి పడ్డా ఇంటికి రాలేదని వాకిట్లో నిలబడ్డ మా అమ్మదీ ఆందోళనే.

మరునాడు ఆ ముసలివాళ్ళలో ఒకాయన, బడిపంతులుగా చేసి రిటైరైనాయన, వచ్చి "మేమేం తప్పు చేసినం బిడ్డా?" అని నన్నే అడిగాడు. నోటు రాసింది నేనని చెప్పలేకపోయాను. ఇవాళే చెబుతున్నాను.

మొన్న మన కార్యదర్శి గారు బకాయిల విజ్ఞాపన ఇంగ్లీషులో రాయమన్నారు. సభ్యులు రెస్ట్‌లెస్‌గా ఉన్నారని రాశాను. ఆయన చదివి, రెస్టివ్ అని మార్చమన్నారు. అర్థం విడమరచి చెప్పాను. తెలిసే మార్చమంటున్నానన్నారు.

మార్చాను. సెలవు.